అమ్మ చెప్పిన రెండో సాక్ష్యం

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం అని ఒకటుంటుంది. వారంలో దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్ళు లేచి, ఆడవాళ్ళైతే కొంగు నెత్తిన కప్పుకుని, మైకు పట్టుకుని చెప్పాలి. జ్వరం తగ్గిందని ఒకరు, బోరులో నీళ్ళు పడ్డాయని ఒకరు, అల్లుడు తాగుడు మానేశాడని ఒకరు. ఆ అల్లుడు తాగుడు మానేయడం ఒకే ఇంటివాళ్ళ నోట నేను మూడుసార్లు విన్నాను. చెప్పడం అయ్యాక అందరూ కలిసి స్తోత్రం అంటారు. నేను మాత్రం ఎన్నడూ లేవలేదు. వెనక ఫ్యాను కింద చాప మీద చోటు చూసుకుని, పక్కన కూర్చున్నామె చెవిలో ఏదో ఒకటి గొణిగి నవ్వించేదాన్ని. నా నోరు ఊరికే ఉండదు.

ఈ సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు కానీ అందరికీ తెలుసు. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం అంటూ ఉండదు. రోగం పోయిందని మైకులో చెప్పినవాళ్ళకు మళ్ళీ ఆ రోగం రాకూడదు. వస్తే అది రోగం కాదు, శోధన. సైతాను చేసే దాడి. దగ్గు పోయిందని సాక్ష్యం చెప్పిన ఒకాయన మరుసటి వారం ఆరాధన మధ్యలో లేచి, రోడ్డు దాటి, టీ కొట్టు వెనక్కి పోయి దగ్గి రావడం నా కళ్ళతో చూశాను. ఆ రోజు చాలా నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

మా అమ్మకు ఫిట్స్ ఉన్నాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. అప్పట్లో మేము అమరాపురం దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. చేలో కలుపు తీస్తూ తీస్తూ పడిపోయేది. ఊళ్ళో చేసే వైద్యం ఒక్కటే, చేతిలో ఇనుము పెట్టడం. తాళాల గుత్తో, కొడవలో, ఏది దొరికితే అది. అట్లా పట్టించిన కొడవలి కోసుకుని, అమ్మ కుడి అరచేతిలో అడ్డంగా ఒక మచ్చ ఉంది. గాలి సోకిందని జనం దూరం జరిగేవాళ్ళు. పెళ్ళిళ్ళలో పొయ్యి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, పసిబిడ్డలను చేతికిచ్చేవాళ్ళు కాదు. నాయన పోయాక మేమిద్దరం హిందూపురం వచ్చేశాం. నేను ఒక మందుల షాపులో పనికి కుదిరాను. డాక్టరుకు చూపిస్తే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్రలు రాశాడు. ఉన్నపళంగా మానేస్తే ప్రాణానికే ముప్పు అని రెండుసార్లు చెప్పాడు.

మాత్రలు వేసుకుంటున్నా అప్పుడప్పుడూ పడేది. పక్కింటామె పిలిస్తే చర్చికి పోయిన మొదటి ఆదివారమే అక్కడ పడింది. నేను పరిగెత్తేలోపు ఒక ముసలామె అమ్మ తలను తన ఒళ్ళోకి తీసుకుంది. నురగను తన చీర కొంగుతోనే తుడిచింది. ఇనుము తెమ్మని ఎవరూ అరవలేదు. ఒక్కరు కూడా లేచి దూరంగా పోలేదు. చర్చి గురించి నేను ఎన్ని మాటలైనా అంటాను గానీ ఆ ముసలామె ఒడిని మాత్రం ఏమీ అనలేను. ఆ రోజు నుంచి అమ్మ ఆ చర్చి మనిషైపోయింది.

అమ్మ నమ్మడం మొదలుపెడితే సగం సగం నమ్మదు. తన మంచం నాలుగు కోళ్ళ దగ్గర నలుగురు దూతలు నిలబడి ఉంటారని నమ్మింది. తాను పడినప్పుడల్లా కనిపించని యుద్ధం ఒకటి జరుగుతోందనీ, శత్రువు తోస్తే దూత పట్టుకుంటాడనీ, అందుకే ఇన్నేళ్ళుగా తల పగలలేదనీ నమ్మింది. "నలుగురికీ జావ కాయాలా, నీ ఒక్కదానికేనా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. "వాళ్ళకు ఆకలి ఉండదులే, నీ నోటికి ఉండాది" అనేది.

ఒక చలికాలం హిందూపురంలో మూడు రోజుల స్వస్థత కూటాలు పెట్టారు. యాడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. గొంతు దగ్గర వెచ్చగా తగిలిందని, ఏదో తనలోంచి బయటికి పోయిందని అమ్మ చెప్పింది. ఇంటికి రాగానే మాత్రల డబ్బా తీసుకుపోయి మురికికాలువలో కుమ్మరించింది. మానేయమని మా పాస్టరుగారు చెప్పలేదు. మానొద్దు అని కూడా చెప్పలేదు. ప్రార్థన అయ్యాక కూడా మాత్ర వేసుకుంటే దేవుణ్ణి అనుమానించినట్టే కదా అని అమ్మే అనుకుంది.

నేను అరిచాను, ఏడ్చాను, రెండు పూటలు అన్నం మానేశాను. అమ్మ నా కోసం కూడా ప్రార్థన చేసింది. మూడో రోజు పొద్దున షాపు నుంచి అవే మాత్రలు తెచ్చాను. చనిపోయిన మా అవ్వ వక్కాకు దంచుకునే చిన్న కల్వం ఇంట్లో ఉంది. దాంట్లో మాత్ర వేసి మెత్తగా నూరి, రాగిజావలో కలిపి, చేదు తెలియకుండా ఇంకో బెల్లం ముక్క వేసి ఇచ్చాను. అమ్మ గటగటా తాగేసింది. రాత్రికి మజ్జిగలో. రేపు చెప్పేద్దాం అనుకున్నాను. అట్లా ఆరు నెలలు నూరాను.

ఆ ఆరు నెలల్లో అమ్మ ఒక్కసారి కూడా పడలేదు. అంతకుముందు తనే మాత్రలు వేసుకునే రోజుల్లో నెలకోసారైనా పడిన మనిషి, ఇప్పుడు పడలేదు. ఇంచుమించు పూట తప్పకుండా మాత్ర పడుతున్నందువల్లనేమో. తన చేతికి వదిలిన రోజుల్లో ఎన్ని పూటలు మరిచిపోయేదో ఎవరికి తెలుసు.

మూడో నెలలో అమ్మ సాక్ష్యం చెప్పింది. పల్లెలో పడినప్పుడు చేతిలో పెట్టిన కొడవలి గురించి చెప్పి అరచెయ్యి ఎత్తి మచ్చ చూపించింది. చర్చి మొత్తం ఏడ్చింది, వెనక ఫ్యాను కింద నేనూ ఏడ్చాను. ఆ వారమే, ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందులో సాంబారు కాచే పెద్ద గరిటె అమ్మ చేతికిచ్చారు. మంట దగ్గర నిలబడి, ముఖమంతా చెమటతో, అమ్మ సాంబారు తిప్పుతుంటే చూసి నేను కల్వం సంగతి ఇంక ఎప్పుడూ చెప్పకూడదనుకున్నాను. నిజం చెప్పి ఆ గరిటె లాక్కోవడానికి నాకు మనసు రాలేదు.

తర్వాత పెనుకొండలో ఒక కూటానికి పిలిచారు. అక్కడ ఎవరో ఫోన్లో వీడియో తీశారు. అది ఊళ్ళన్నీ తిరిగింది. సాక్ష్యం చెప్పే కొద్దీ అమ్మ మాట పెరిగింది. చివర్లో ఇట్లా అనేది: "మాత్రలేసుకో అని మీ మనసులో ఒక గొంతు వస్తాది. అది శత్రువు గొంతు. వాడు దూత వేషంలో వచ్చి చెప్పినా నమ్మొద్దండి." జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఎవరో ఎక్కడో వింటారు, విని మానేస్తారు అని తెలియనంత అమాయకురాలిని కాదు నేను. మందుల షాపులో పనిచేసేదాన్ని. తెలిసీ నోరు మూసుకున్నాను. ఊరికే ఉండని నోరు అని ఇందాక చెప్పానే, అది మాట్లాడాల్సిన చోటే ఊరికే ఉంది.

ఎండాకాలంలో ధర్మవరంలో కూటం. మధ్యాహ్నం షామియానా కింద అమ్మ సాక్ష్యం చెప్పి దిగగానే ఒకామె మా దగ్గరికొచ్చింది. నా వయసే ఉంటుంది. వేలు పట్టుకుని ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళ ఆడపిల్ల. పిల్ల ఎడమ కనుబొమ మీద తెల్ల ప్లాస్టరు.

"అక్కా, మాది బత్తలపల్లి. మా పాపకు కూడా ఇదే అక్కా. మీ వీడియో చూసి మాత్రలన్నీ బాయిలో ఏసేసినాం. పదినాళ్ళాయ" అంది. ముఖం వెలిగిపోతోంది.

అమ్మ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పాప తల్లి ప్రార్థన కోసమని తన ఫోన్ నంబరు ఇచ్చింది, బత్తలపల్లి కూడలిలో పంచరు షాపు వెనకే మా ఇల్లు, ఎప్పుడైనా రండి అంది. నేను ఆ ప్లాస్టరు వైపే చూస్తున్నాను. పిల్ల నా వైపు చూసి నవ్వింది. ముందు పళ్ళు రెండూ కొత్తగా వస్తున్నాయి.

మూడు గంటల ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన అమ్మ, ఎదురుగా నేను. అమ్మ పక్కన సీటు మీద పొద్దున జావ తెచ్చిన స్టీలు సీసా. బండి ధర్మవరం దాటింది. ఇంక ఆగలేక చెప్పేశాను. ముందూ వెనకా ఏమీ చెప్పకుండా, "అమ్మా, నీ జావలో నేను మాత్రలు నూరి కలుపుతాండా" అన్నాను.

అమ్మ నా ముఖం చూసింది. వినబడలేదేమో అని మళ్ళీ చెప్పబోయాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు పారేసిన మూడో దినం నుంచి."

"రెండు పూటలూనా?"

"ఊ. రాత్రి మజ్జిగలో."

అమ్మ సీసా మూత తీసి లోపలికి చూసింది. ఖాళీ సీసా. మూత పెట్టింది. బయట ఎండిన చేన్లు పోతున్నాయి, అమ్మ వాటి వైపు తిరిగింది. తిడుతుందని, కొడుతుందని, ఏడుస్తుందని చూశాను. ఆ మూడింటికీ నేను సిద్ధంగా ఉన్నాను.

"ఆ పాప కనుబొమ్మ మీద ప్లాస్టరు ఏమిటికి?" అంది.

"నాకూ అదే అనుమానం."

"ఫోన్ చెయ్."

చేశాను. అమ్మ మాట్లాడింది. "అమ్మయ్యా, పాపకు మాత్రలు మళ్ళా మొదలుపెట్టండి, నేను తప్పు చెప్పినా" అంది. స్పీకరులో ఆమె గొంతు నాకూ వినబడుతోంది. ముందు తడబడింది. తర్వాత గట్టిపడింది. "అక్కా, మీరే కదా చెప్పినారు, ఎవరొచ్చి చెప్పినా నమ్మొద్దని. మొన్న పాప నీళ్ళు పోసుకుంటా బచ్చలి కాడ పడింది. సైతాను దాడి చేస్తాండాడని మాకు తెలుసు. ఇప్పుడు మీ గొంతుతోనే వస్తాండాడు" అంది. పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అమ్మ ఫోన్ నా చేతికిచ్చింది. ఆ ముఖం నేను మరిచిపోలేను. తాను చెప్పిన మాటే తన ముఖాన తలుపేసింది. పిల్ల ఆ తలుపు అవతల ఉంది.

పెనుకొండ వచ్చింది. మేము దిగాల్సింది హిందూపురంలో. అమ్మ లేచి, చెప్పులు వేసుకుని, నాకు చెప్పనైనా చెప్పకుండా దిగేసింది. సీసా పట్టుకుని వెనక పరిగెత్తాను. స్టేషను నుంచి ఆటోలో బస్టాండుకు, అక్కడి నుంచి బస్సులో మళ్ళీ ధర్మవరం, ధర్మవరం నుంచి ఇంకో బస్సు. దారి పొడుగునా అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. దేవుణ్ణి ఏమడుగుతోందో నేను అడగలేదు. నా దగ్గర మాత్రం ఒక్కటే ఉంది అడగడానికి, మేము పోయేలోపు ఆ పిల్ల పడకూడదు. ఎవరిని అడుగుతున్నానో తెలియకుండానే అడిగాను.

దీపాలు పెట్టే వేళకు బత్తలపల్లి కూడలిలో దిగాం. పంచరు షాపు వెనక రేకుల ఇల్లు. పిల్ల గడపలో కూర్చుని గ్లాసు నీళ్ళలో బిస్కెట్టు ముంచుకుని తింటోంది. పిల్లను చూడగానే నేను అక్కడే గోడకానుకున్నాను. వాళ్ళమ్మ బయటికొచ్చింది. మమ్మల్ని చూసి సంతోషపడాలో భయపడాలో తెలియక కొంగు నెత్తిన కప్పుకుంది. ఇంటాయన గొర్రెల వెంట పోయాడట, ఇంకా రాలేదు.

అమ్మ లోపలికి పోయి నేల మీద కూర్చుంది. "మే, మాత్ర తియ్" అంది నాతో. నా బ్యాగులో ఎప్పుడూ ఒక షీటు ఉంటుంది, రాత్రి మజ్జిగ కోసం. తీసిచ్చాను. ఆరు నెలల తర్వాత అమ్మ మాత్రను మాత్రగా చూసింది. అరచేతిలో, ఆ మచ్చ మీద పెట్టుకుంది.

"చూడమ్మా," అంది ఆమెతో. "నేను సైతాను కాదు. దూతనూ కాదు. నేను ఫిట్స్ వచ్చే మనిషిని. ఆర్నెల్లుగా ఈ మాత్ర నా కడుపులోకి పోతానే ఉండాది, నాకు తెలీకుండా నా బిడ్డ పెట్టింది. అందుకే పడలేదు. ప్రభువు ముందర చెప్తాండా, నేను చెప్పిన సాక్ష్యం తప్పు. ఇది నా రెండో సాక్ష్యం. ఇది నిజం."

పిల్ల చేతిలోని నీళ్ళ గ్లాసు అడిగి తీసుకుంది. "ప్రభువా, నీకు స్తోత్రం" అని మాత్ర నోట్లో వేసుకుని మింగింది.

పాప తల్లి అమ్మ ఖాళీ అరచేతి వైపు చూసింది. "అంటే మా పాపకు బాగు కాలేదా అక్కా?" అంది. అంతే అంది. పది రోజులు ఆమె తన బిడ్డను రోగం లేని బిడ్డగా చూసుకుంది. మేము పోయి దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాం. కూలబడి గట్టిగా ఏడ్చింది. అమ్మ ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది, చర్చిలో ఆ ముసలామె చేసినట్టే.

ఏడుపు తగ్గాక ఆమె లేచి బైబిల్ తెచ్చింది. లోపల నాలుగు మడతలు పెట్టిన డాక్టరు చీటీ ఉంది. ప్రార్థన చేయడానికి దాచిందట. దాన్ని పట్టుకుని నేను కూడలిలో షాపుకు పోయి మాత్రలు తెచ్చాను. పిల్ల వేసుకునే ముందు అమ్మ వైపు చూసి, "అవ్వా, నువ్వు కూడా దినామూ వేసుకుంటావా?" అంది. "దినామూ" అంది అమ్మ. పిల్ల మింగేసింది.

తిరుగు బస్సులో గానీ అమ్మ తన కోపం బయటపెట్టలేదు. "మందు పెట్టినందుకు కాదు నాకు కోపం. నా నోటితో అబద్ధం చెప్పించినావు. మైకులో. అన్ని ఊళ్ళల్లో." నేను తల దించుకున్నాను. నా ప్రాణం నిలబెట్టావు అంటుందని ఎక్కడో ఒక మూల ఆశ ఉండింది నాకు. సిగ్గేసింది.

మరుసటి ఆదివారం అమ్మ సాక్ష్యాల సమయంలో లేచి అదే మాట చర్చిలో చెప్పింది. స్తోత్రం ఎక్కడ అనాలో జనానికి తెలియలేదు. కూతురిలోకి దురాత్మ దూరిందని ముందు వరుసలో ఎవరో అన్నారు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నేను కూడా నోరు తెరిచి చెప్పాల్సింది, మాత్రలు మానొద్దని. చెప్పలేదు" అన్నాడు. కొందరు ఆ తర్వాత అమ్మతో మాట్లాడటం తగ్గించారు. ప్రేమవిందులో గరిటె వేరే వాళ్ళకు పోయింది. అమ్మ దూరంగా కూర్చుని ఉల్లిగడ్డలు తరిగింది.

దూతల మీద నమ్మకం మాత్రం ఇంచు కూడా తగ్గలేదు. ఒకరోజు ఉన్నట్టుండి, "నువ్వు పెండ్లికని అమరాపురం పోయి నాలుగు దినాలుండినావే, అప్పుడు మాత్రలు యాడివి? అప్పుడెందుకు పడలే?" అంది. ఒంట్లో మందు కొంచెం మిగిలి ఉంటుందిలే అన్నాను. నాలుగు రోజులు ఉంటుందో లేదో నాకూ గట్టిగా తెలియదు. "ఉండనీలే," అని నవ్వింది. ఆ నాలుగు రోజులనూ నేను ఆమెకు వదిలేశాను. ఎగతాళి చేయాలనిపించలేదు.

కానీ నా చేతి జావ తాగలేదు. తన మాత్ర తను నా ఎదురుగా వేసుకుని, తన జావ తను కాచుకుని, గ్లాసు కడిగి బోర్లించేది. నేను పోసిన మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు, కుండలోంచి తనే ముంచుకునేది. తిట్టినా బాగుండేది. ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాయి. బత్తలపల్లి నుంచి ప్రతి ఆదివారం ఫోన్ వచ్చేది, పిల్ల బడికి పోతోందని. వాళ్ళమ్మతో అమ్మ గంటసేపు మాట్లాడేది. నాతో అవసరానికి మాత్రం.

ఒక పొద్దున అమ్మకు చెయ్యి నొప్పి. పొయ్యి దగ్గర నిలబడి గిన్నె దించలేకపోయింది. నా వైపు తిరగకుండానే, "జావ కాయి" అంది.

కాచాను. గ్లాసులో పోసి తెచ్చిస్తే అమ్మ అందుకుని లోపలికి చూసింది.

"ఇందులో ఏమేమి ఉండాది?"

"రాగిపిండి, బెల్లం, ఉప్పు."

"ఇంగేమీ లేదు గదా?"

"లేదమ్మా."

చూడనివాటిని నమ్ముతుందని నేను ఇన్నేళ్ళూ ఎగతాళి చేసిన మనిషి, నన్ను నమ్మకపోవడానికి ఆరు నెలల కారణాలు చేతిలో పెట్టుకుని, నా ముఖం ఒక్కసారి చూసింది. గ్లాసెత్తి, ఆగకుండా, అడుగు దాకా తాగేసింది.